కాలు తప్పిన హమాలీ

జపాను నుంచి తిరిగొచ్చానని తెలిసినప్పటి నుంచి మా వరంగల్ కొత్తవాడలో "జపాన్ ఎట్లున్నది?" అని అడిగిన మనిషి లేడు. "ఏం తెచ్చినవ్?" అనే అందరూ అడిగారు. రేడియో, టేపు కలిసిన టూ-ఇన్-వన్ తెచ్చి ఉంటే నా గౌరవం పెరిగేది. కనీసం చేతిగడియారం తెచ్చినా సరిపోయేది. నేను తెచ్చింది రెండు చదరాల కాగితాలూ, ఒక ముసలావిడ చెప్పిన మాటా. వీటిని చూపిస్తే కొందరు జాలిపడ్డారు, కొందరు అసలు సామాను ఎక్కడో దాచానని నమ్మారు. అందుకని జపాను చూడనివాళ్ళ కోసం కాగితం మీద పెడుతున్నాను. చదివేవాళ్ళు ఏం తెచ్చావని అడగరు కదా.

కొత్తవాడ

మా ఇంటి పని జంపఖానాలు నేయడం. వరంగల్‌లో పెళ్ళి ఎక్కడ జరిగినా చుట్టాలు మేం నేసిన జంపఖానా మీదే కూర్చుని, కూరలో ఉప్పు తక్కువైందని తిట్టుకుంటారు. నాకు నేత వచ్చుగాని, నా అసలు పని నేతగాళ్ళ సొసైటీకి డిజైన్లు గీయడం. చదరాల కాగితం మీద ఒక్కొక్క గడిలో రంగు నింపి ఇస్తాను. మగ్గం మీద ఉన్నవాళ్ళు ఆ గడులు లెక్కపెట్టుకుంటూ నేస్తారు. ఒక్క గడి అటూ ఇటూ అయితే నెమలి ముక్కు పోయి మెడలో దిగుతుంది. అందుకే తప్పు గడి కనిపిస్తే ఎర్ర పెన్సిలుతో సున్నా చుట్టడం నాకు ఊపిరి తీసుకున్నంత అలవాటు. ఈ అలవాటు జపానులో నన్ను ఏం చేసిందో ముందు ముందు చెబుతాను.

మా వాడకు టీవీ వచ్చిన మరుసటి ఏడు ఢిల్లీ చేనేత ఆఫీసు నుంచి కబురొచ్చింది. జపానులో చేతిపనుల ప్రదర్శన పెడుతున్నారట, మనిషి కావాలట. నేయడం రావాలి, గీయడం రావాలి, హిందీ రావాలి, ఎక్కువ మాట్లాడకూడదు. నాలుగోది తప్ప అన్నీ ఉన్నాయని నన్ను పంపారు.

నేను పోతున్నానని అందరికంటే ఎక్కువ సంబరపడ్డది మా బావ సాంబయ్య. బావ అంటే మా అక్క భర్త. అమ్మ పోయేనాటికి నాకు ఊహ తెలియదు. అక్కే పెంచింది. పెళ్ళి కుదిరినప్పుడు తమ్ముణ్ణి వదిలి రానని పట్టుబట్టిందట. అలా పెళ్ళికూతురితో పాటు నన్ను కూడా బావ ఇంటికి తీసుకుపోయాడు. నా పెళ్ళయి వేరే ఇల్లు చూసుకునేదాకా అక్కడే ఉన్నాను. గుంటమగ్గంలోకి కాళ్ళు దింపి కూర్చోవడం నాకు నేర్పింది ఆయనే. నేను గీసిన డిజైను ఆయన చేతిలో పడితే నా కాగితం కంటే బాగుంటుంది. ఈ మాట ఆయన ముందు ఎప్పుడూ అనలేదు, నెత్తికెక్కుతాడని.

అంత చెయ్యి ఉన్న మనిషికి ఈ మధ్య నెలలో సగం రోజులు పని లేదు. మిల్లు దుప్పటి చవక, ప్లాస్టిక్ చాప ఇంకా చవక. బొంబాయి పక్కన భివండీలో పవర్‌లూమ్ షెడ్డు మేస్త్రీగా ఉన్న మా దాయాది ఒకడు ఆయన్ను రమ్మని కబుర్ల మీద కబుర్లు పంపుతున్నాడు. కొత్తవాడలో సగం వీధి ఇప్పటికే భివండీలో కాపురం ఉంది. బావ అటూ ఇటూ తేల్చుకోలేక చివరికి ఆ బరువు తీసి నా మీద పెట్టాడు.

"నువ్వు పోయి జర మంచిగ సూసిరా బామ్మర్ది," అన్నాడు. "గా దేశపోళ్ళు మిషిన్ల మీద మిషిన్లు పెట్టిండ్రు గదా. మరి చేతిపనిని ఏం చేసిండ్రో సూసొచ్చి నాకొక్క మాట చెప్పు. ఉండుమంటె ఉంట, పొమ్మంటె పోత."

అక్క కారంపొడి డబ్బా నా సంచిలో పెట్టి మూత మీద గుడ్డ బిగించి కట్టింది. అక్క భివండీ పోవడం నాకు ఇష్టం లేదు. కాబట్టి నా ప్రయాణం ఉద్దేశం ముందే చెప్పేస్తున్నాను. నేను జపాను పోయింది చూసి తీర్పు చెప్పడానికి కాదు. తీర్పు జేబులో పెట్టుకుని, దానికి సాక్ష్యం వెతుక్కోవడానికి పోయాను.

ఢిల్లీ

ఢిల్లీలో ఒక ఆఫీసరు ప్రదర్శనకు పోయే మాకందరికీ జపాను గురించి పాఠం చెప్పాడు. ఉమ్మకూడదు, బేరమాడకూడదు, ఎదుటివాడి జీతం అడగకూడదు, గట్టిగా నవ్వకూడదు. ఇన్ని చేయకుండా మనిషి పొద్దు ఎట్లా గడుపుతాడని అడిగాను. వంగి దండం పెడుతూ ఉండమన్నాడు. ఆయన జపాను పోలేదని చివర్లో తెలిసింది. వచ్చేటప్పుడు ఒక కాలిక్యులేటర్ తెమ్మని నన్ను పక్కకు పిలిచి చెప్పాడు.

విమానంలో నా పక్కన లూధియానా వ్యాపారి కూర్చున్నాడు. కుట్టుమిషన్ల సామాను కొనడానికి ఒసాకా పోతున్నాడు. నా పని ఏమిటో విని జాలిగా తల ఊపి, చేతిపని రోజులు అయిపోయాయి భాయీ అన్నాడు. నాకు దొరికిన మొదటి సాక్షి ఎదుటి పక్షంవాడు. ఆయన చెప్పడం మొదలుపెట్టాక ఆపలేదు. నేను నిద్ర నటించాను, నటిస్తూ నిజంగానే నిద్రపోయాను.

టోక్యో

టోక్యోలో ఒక రాత్రే ఉన్నాం. పండ్ల దుకాణంలో ఒక కర్బూజను చూశాను. దానికి పెట్టె, పెట్టెకు పట్టు రిబ్బను. ధర రూపాయల్లోకి మార్చి చూస్తే బావకు ఒక జంపఖానా మీద వచ్చే కూలి కంటే ఎక్కువ ఉంది. మా స్టేషన్ రోడ్డులో వేసవిలో ఆ కర్బూజలను తోపుడుబండి మీద కుప్ప పోసి, కోసి రుచి చూపించి మరీ అమ్ముతారు. ఇక్కడ రుచి చూపించమని అడిగితే ఏమవుతుందోనని ఆఫీసరు పాఠం గుర్తు తెచ్చుకుని నోరు మూసుకున్నాను. టీలో పాలు పోయరు, చక్కెర వేయరు. పచ్చగా ఉంటుంది. తాగాక నోరు ఎవరో కడిగినట్టు ఉంటుంది.

మరునాడు ఆ ప్రసిద్ధమైన వేగం రైలెక్కి క్యోటో పోయాం. కిటికీ తెరుచుకోదు. చాయ్ అని అరిచేవాడు లేడు. మనవైపు రైలెక్కితే స్టేషన్ ఘన్‌పూర్ వచ్చేలోపు ఎదుటివాడి ఊరు, కులం, జీతం, మోకాళ్ళ నొప్పి అన్నీ తెలుస్తాయి. ఇక్కడ నా ఎదురుగా కూర్చున్నాయన రైలు కదలగానే నిద్రపోయి, తన స్టేషనుకు కళ్ళు తెరిచి దిగిపోయాడు. మధ్యలో మేము ఒకరికొకరం లేము.

క్యోటోలో గొయ్యి

మా మగ్గానికి గొయ్యి కావాలి. కాళ్ళు అందులోకి దింపితేగాని తొక్కుడు కర్రలు అందవు. నున్నటి రాయి పరిచిన ప్రదర్శన హాలులో గొయ్యి ఎవడు తవ్వనిస్తాడని నాకు ఢిల్లీ నుంచి దిగులే. పోయి చూస్తే, హాలు మధ్యలో చెక్కతో అరుగు కట్టి, అందులో గొయ్యి తీసి పెట్టారు. లోతు మా ఇంటి గొయ్యికి సరిగ్గా సరిపోయింది. కూర్చోవడానికి దిండు, గొయ్యి అడుగున కాళ్ళకు చిన్న తివాచీ. కొత్తవాడలో మా గొయ్యిలోకి వానాకాలం నీళ్ళొస్తాయి, అప్పుడప్పుడు కప్పలు కూడా వస్తాయి. ఈ గొయ్యిలో కూర్చుంటే అల్లుడి మర్యాదలా ఉంది. ఒకటి రెండు రోజులు నేత సాగలేదు.

నా మాటలు జపాను భాషలోకి మార్చడానికి మిచికో అనే అమ్మాయిని పెట్టారు. ఢిల్లీలో ఉండి హిందీ నేర్చుకుందట. ఆమె హిందీ రేడియో వార్తల హిందీ, నాది మండిబజార్ హిందీ. ఆమె "కృపయా విరాజియే" అంటే నేను "బైఠ్‌తూం" అనేవాణ్ణి. ఇద్దరం కష్టపడి మధ్యలో ఎక్కడో కలుసుకునేవాళ్ళం.

బసలో పొద్దున్నే అన్నం పెడతారు. ముద్దగా ఉంటుంది, పుల్లలతో తినాలి. పక్కన చారులాంటిది ఒకటి, పోపు పెట్టడం మరిచిపోయినట్టు. పచ్చి చేపముక్క నేను ముట్టలేదు. అక్క ఇచ్చిన కారం కలుపుకుని తింటుంటే బస యజమానురాలు నా పళ్ళెం వంక ఆశగా చూసింది. చిటికెడు ఇచ్చాను. తిని, కళ్ళ నీళ్ళతో వంగి వంగి దండాలు పెట్టింది. మెచ్చుకుందో శపించిందో నాకు ఇప్పటికీ తెలియదు.

ఆ ఊళ్ళో నేతవాళ్ళ వాడ ఉందని మిచికో చెప్పగానే ప్రాణం లేచొచ్చింది. నా సాక్ష్యం అక్కడే దొరుకుతుందని సాయంత్రం బయలుదేరాను. సన్నటి సందులు, చెక్క ఇళ్ళు. మూసిన తలుపుల వెనక నుంచి టకటక మగ్గాల చప్పుడు. నిజం చెబుతున్నా, నాకు కళ్ళు చెమ్మగిల్లాయి. ఇంత పెద్ద దేశం ఇంకా చేత్తో నేస్తోందని బావకు చెప్పే మాటలు కూడా కూర్చుకున్నాను. ఒక తలుపు తెరిచి ఉంటే తొంగి చూశాం. లోపల కరెంటు మగ్గం తనపాటికి తాను పట్టు నేస్తోంది. దాని యజమాని పక్కన కూర్చుని టీవీలో కుస్తీ చూస్తున్నాడు. నన్ను చూసి జరిగి చోటిచ్చాడు. ఇద్దరం కూర్చుని కుస్తీ చూశాం. లావుపాటి ఆయన గెలిచాడు.

రెండో కాగితం

నా మగ్గం పక్కన బోర్డు మీద నేను గీసిన చదరాల కాగితం అంటించి ఉండేది. జనం మగ్గాన్ని చూసి, ఫోటో తీసుకుని పోయేవారు. ఆ కాగితం ముందు నిలబడినవాడు ఒక్కడే, మిచికో అన్న కెంజి. చెల్లెలిని చూడ్డానికి వచ్చి నా కాగితం దగ్గర ఆగిపోయాడు. వేలితో గడులు లెక్కపెట్టాడు. తరవాత నా వైపు తిరిగి ఏదో ఆదరాబాదరాగా అన్నాడు. అతను కూడా ఇదే పని చేస్తాడట అని మిచికో చెప్పింది. నేతగాడివా అని అడిగితే కాదన్నాడు. బొమ్మల కంపెనీలో ఉద్యోగమట.

కంపెనీ పేరు అతను చెప్పాడు. నేను రాయడం లేదు. రాయొద్దని ఎవరూ అనలేదు, తప్పు రాస్తే పెద్ద కంపెనీతో పేచీ ఎందుకని మానేశాను.

మరునాడు కెంజి ఒక అట్ట సంచిలో రెండు కాగితాలు తెచ్చి నా ముందు పరిచాడు. అచ్చం మా గడులే. గడుల్లో రంగులు నింపి ఒక చిన్న మనిషి, భుజాన మూట. హమాలీ అన్నమాట. మా వరంగల్ గ్రెయిన్ మార్కెట్లో అలాంటివాళ్ళు ఎంతమందైనా కనిపిస్తారు. మొదటి కాగితం శుభ్రంగా ఉంది. రెండో కాగితం దాని నకలు. కాని నకలు గీసినవాడు శ్రద్ధ పెట్టలేదు. కుడికాలు గడులు వెనక్కి పోయాయి, చెయ్యి కిందికి జారింది, మూట ఒక గడి పైకి లేచింది.

నా చెయ్యి నా మాట వినలేదు. చెవి వెనక పెట్టుకున్న ఎర్ర పెన్సిలు తీసి, రెండో కాగితంలో తప్పు గడుల చుట్టూ సున్నాలు చుట్టేశాను. చుట్టడమే కాదు, ఇట్లాంటి కాగితం మా సొసైటీలో ఇస్తే నేసేవాళ్ళు నన్ను మగ్గానికి కట్టేస్తారని, కొత్తవాళ్ళకు మొదట్లో ఇలాగే అవుతుందని, దిగులు పడొద్దని ధైర్యం కూడా చెప్పాను. మిచికో ఇదంతా జపాను భాషలోకి మార్చిందో లేదో తెలియదు. కెంజి మాత్రం వంగి ధన్యవాదాలు చెప్పాడు.

తరవాత అతను రెండు కాగితాలనూ ఒకదాని మీద ఒకటి పెట్టి, పైదాన్ని చివర పట్టుకుని ఎత్తుతూ దించుతూ గబగబా ఆడించాడు. హమాలీ నడిచాడు. మూట పైకీ కిందికీ ఊగుతూ, చేతులు విసురుకుంటూ, నా ఎర్ర సున్నాలు కాలికి తగిలించుకుని మరీ నడిచాడు.

రెండో కాగితం తప్పు కాదు, అది రెండో అడుగు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి కాగితంలో బొమ్మ కదలకుండా చూడ్డమే నా ఉద్యోగం. కదిలేందుకు కూడా బొమ్మ గీస్తారని నాకెలా తెలుస్తుంది? చుట్టూ చేరిన జనం ఇదంతా ప్రదర్శనలో భాగమనుకుని చప్పట్లు కొట్టారు. నేను కూడా లేచి వంగి దండం పెట్టాను. అంతకంటే ఆ గోతిలోనే దాక్కోవడం మేలని అనిపించింది గాని, చూసేవాళ్ళు దానికి కూడా చప్పట్లు కొట్టేవాళ్ళు.

కెంజికి కోపం రాలేదు. అతని కంపెనీ టీవీకి తగిలించుకునే ఒక పెట్టె చేస్తుందట, అందులో ఇలాంటి బొమ్మలతో పిల్లలు ఆటలాడతారట. ఆ పెట్టెలో చోటు తక్కువ కాబట్టి బొమ్మ కొద్ది గడుల్లో ఇమడాలి, రంగులు మూడే వాడాలి. ఈ హమాలీని పైవాళ్ళు ఒప్పుకోలేదట. బరువు మోసేవాడి ఆట ఎవరాడతారన్నారట. పనికిరాని కాగితాలే గనుక నన్నే ఉంచుకోమని ఇచ్చేశాడు. ఎర్ర సున్నాలు ఉన్నదాన్ని మరీ మర్యాదగా రెండు చేతులతో ఇచ్చాడు.

మిచికో ఇల్లు

ప్రదర్శనకు సెలవు రోజున మిచికో వాళ్ళు భోజనానికి పిలిచారు. గుమ్మంలో చెప్పులు విడవాలి, ఇంటి చెప్పులు వేసుకోవాలి, చాప మీదికి ఎక్కేముందు అవీ విడవాలి, దొడ్డికి పోతే అక్కడి చెప్పులు వేరే. నేను దొడ్డి చెప్పులతోనే భోజనానికి వచ్చి కూర్చున్నాను. మిచికో తల్లి అవి నా కాళ్ళ నుంచి తీసుకుపోయి, మళ్ళీ వచ్చి వడ్డించింది.

ఆ ఇంట్లో కూర్చుంటే ఆ కంపెనీ చరిత్రంతా పీటల మీద వరుసగా కూర్చున్నట్టే ఉంది. మిచికో నాయనమ్మ వయసులో ఉన్నప్పుడు ఆ కంపెనీకి పేకాట ముక్కలు చేసేది. మన జోకరు, రాజు, రాణి కాదు. నెలకో పువ్వు బొమ్మ ఉండే చిన్న ముక్కలు. చెట్టు బెరడుతో చేసిన కాగితాన్ని పొరలు పొరలుగా జిగురుపెట్టి అంటించి, గట్టిపరిచి, చేత్తో చేసేవారట. వీధిలో ఆడవాళ్ళందరిదీ అదే పని. డబ్బు పెట్టి ఆడేవాళ్ళు ఆటకో కొత్త కట్ట విప్పేవారట, అందుకని గిరాకీ తగ్గేది కాదు. మా జంపఖానా మీద కూర్చుని ఆడేవాళ్ళు ఒకే కట్టను మూలలు అరిగి గుండ్రమయ్యేదాకా ఆడతారని చెబితే ముసలావిడ కంపెనీ తరఫున నొచ్చుకుంది.

తరవాత ముక్కలు ప్లాస్టిక్కయ్యాయి, మిషను మీదికి పోయాయి. మిచికో నాన్న ఆ మిషను దగ్గరే పనికి కుదిరాడు. పేకముక్కలు మాత్రమే చాలవని కంపెనీ ఏవేవో చేసి చూసిందట. ట్యాక్సీలు నడిపింది. వేడినీళ్ళు పోస్తే అయిపోయే అన్నం అమ్మింది. ఏదీ నిలవలేదు. అలాంటి రోజుల్లో మిషన్లు కనిపెట్టుకుని ఉండే ఒకాయన పొద్దుపోక కర్రముక్కలు అడ్డదిడ్డంగా బిగించి, నొక్కితే చాచుకునే చెయ్యి ఒకటి చేసుకుని ఆడుకుంటూ పైవాళ్ళకు దొరికిపోయాడట. పని వేళ ఆడుకున్నందుకు అతనికి పడిన శిక్ష, దాన్ని అమ్మకానికి తయారుచేయమని. మా సొసైటీ సెక్రటరీకి ఈ కథ చెప్పాలనుకున్నాను గాని, ఆయన మొదటి సగమే ఆచరణలో పెడతాడని మానుకున్నాను.

ఆ బొమ్మ చెయ్యి ఇంకా ఇంట్లో ఉంది. మిచికో నాన్న దాన్ని తీసి నొక్కాడు. అది బల్ల ఈ చివర నుంచి ఆ చివరకు సాగి, ఒక కమలాపండును పట్టి నా పళ్ళెంలో వదిలింది. ముసలావిడ తప్ప అందరం నవ్వాం. ఆవిడ ఆ ముచ్చట చాలాసార్లు చూసి ఉంటుంది. చెయ్యి తరవాత వెలుతురు చిమ్మే తుపాకులు, ఆ తరవాత జేబులో పట్టే ఆటలు, ఇప్పుడు కెంజి గీసే టీవీ పెట్టె. నాయనమ్మ జిగురు, నాన్న మిషను, మనవడు గడులు. కంపెనీ ఒకటే, మారింది పని మాత్రమే.

అప్పుడు నేను బావ సంగతి, ఆయనకొస్తున్న భివండీ పిలుపుల సంగతి చెప్పాను. చేతి మగ్గం వదలాలా, ఉండాలా అని ఆయన నన్ను అడిగాడనీ, నేను పెద్దావిడను అడుగుతున్నాననీ మిచికోతో చెప్పించాను. బల్ల మీద ఆవిడ కుడిచెయ్యి కుంచె పట్టుకున్నట్టు ముడుచుకుని అటూ ఇటూ కదులుతూ ఉంది. ఆవిడకు తెలియకుండానే కదులుతోందనుకుంటాను. చివరికి చెప్పిన మాటను మిచికో ఒక్కో ముక్కా తూకం వేసుకుంటూ హిందీలో పెట్టింది.

"పొమ్మని నాకెవరూ చెప్పలేదు. ఆ రోజు కూడా పొద్దున్నే జిగురు కాచుకుని కూర్చున్నాను. కాగితాలు తెచ్చే మనిషి రాలేదు. మీ బావను ఇంకా అడుగుతున్నారు కదా, ఆయన అదృష్టవంతుడు."

మిచికో నాన్న లేచి పోయి టీ తెచ్చాడు. నాకు మాత్రం లోపల పండగే. సాక్ష్యం దొరికింది. చేతిపని పోయినందుకు ఇన్నేళ్ళ తరవాత కూడా బాధపడుతున్న మనిషి, పని చేతిలో ఉన్న మా బావను అదృష్టవంతుడంది. ఇంతకంటే ఏం కావాలి? ఆ మాటను మరిచిపోకుండా బసకు పోయేదాకా నోట్లో తిప్పుకుంటూనే ఉన్నాను.

మళ్ళీ కొత్తవాడ

ఢిల్లీలో ఆఫీసరుకు కాలిక్యులేటర్ ఇచ్చి, వరంగల్‌లో దిగి, కాళ్ళు కడుక్కోకుండా బావ ఇంటికే పోయాను. అక్క ముందుగా కారండబ్బా తీసి చూసింది. ఖాళీగా ఉంటే తృప్తిపడింది. బావ గుంటమగ్గం అంచు మీద కూర్చున్నాడు. మగ్గం మీద పడుగు నూలు లేదు, అంటే పని లేదు.

కాగితాలు రెండూ చేతికిచ్చాను. బావ వాటిని పక్కపక్కన పెట్టి ఒక్క చూపు చూశాడు.

"ఎవడు గీసిండురా గిది? రెండోదాంట్ల కాలు తప్పు పడ్డది," అన్నాడు. "నువ్వు సున్నాలు సుట్టింది కరెక్టే."

నా ప్రాణం కుదుటపడింది. తప్పు నా ఒక్కడిదే కాదు, మా వాడదంతా. కాగితాలు ఒకదాని మీద ఒకటి పెట్టి కెంజి చేసినట్టే ఆడించి చూపించాను. అక్క పొయ్యి దగ్గర నుంచి లేచి వచ్చింది. బావ నా చేతిలోంచి లాక్కుని తనే ఆడించాడు. హమాలీ నడుస్తూనే ఉన్నాడు. మా ముగ్గురికీ నవ్వు ఆగలేదు.

ఆ నవ్వులో ఉండగానే కంపెనీ చరిత్రంతా చెప్పాను. పేకముక్కలు, ట్యాక్సీలు, అన్నం, సాగే చెయ్యి. బావ ఊఁ కొట్టాడు. నా సాక్ష్యాన్ని ఆఖరికి దాచుకుని, ముసలావిడ మాటను ఉన్నదున్నట్టు అప్పజెప్పి, "సూసినవా, నువ్వు అదృష్టవంతునివంట" అన్నాను.

బావ నవ్వు ఆగిపోయింది. పడుగు లేని మగ్గం వైపు చూశాడు.

"పొద్దుగాల జిగురు కాచుకోని కూసున్నదా?" అని అడిగాడు.

అవునన్నాను.

"కాయిదాలు తెచ్చెటోడు రానేలేదా?"

రాలేదన్నాను. అప్పుడు అర్థమైంది, నేను మోసుకొచ్చిన సాక్షి ఎవరి పక్షమో. కాని మాట నోరు దాటిపోయింది.

"గట్ల కూసునుడు నాతోని గాదు బామ్మర్ది," అన్నాడు బావ. "పిలుస్తున్నప్పుడే పోత."

నేను చాలా వాదించాను. ముసలావిడ మాటకు అది అర్థం కాదన్నాను. జపాను వేరు, మనం వేరన్నాను. వరంగల్ నుంచి క్యోటో దాకా పోయి తెచ్చిన మాటను ఆ గదిలోనే అబద్ధమని నిరూపించడానికి నేను పడ్డ పాట్లు ఏ యాత్రికుడూ పడి ఉండడు. అక్క మధ్యలో కలగజేసుకుని, "ఊకో తమ్మీ, ఆయన మనసుల ఎన్నడో పోయిండు. నీ మాట కోసమే ఆగిండు," అంది. నాకు ఏడుపొచ్చింది. ఏడ్చాను. నన్ను ఎత్తుకుని తిప్పిన మనిషి ముందు సిగ్గేముంది?

బావ వెంటనే పోలేదు. సొసైటీ నుంచి నూలు తెచ్చుకుని, మగ్గం మీద పడుగు ఎక్కించి, ఆ రెండు కాగితాలూ ఎదురుగా గోడకు అంటించుకుని చివరి జంపఖానా నేశాడు. మొదటి కాగితం హమాలీ, పక్కన రెండో కాగితం హమాలీ, మళ్ళీ మొదటిది, మళ్ళీ రెండోది. ఈ అంచు నుంచి ఆ అంచు దాకా ఒకే మనిషి మూటతో నడుచుకుంటూ పోతున్నాడు. నా ఎర్ర సున్నాలను కూడా బావ వదల్లేదు. హమాలీ కాలి దగ్గర ఎర్ర నూలుతో కడియంలా వేశాడు. ఎందుకని అడిగితే, కాగితంలో ఉన్నది నేయడమే తన పని, తప్పొప్పులు డిజైన్ గీసెటోళ్ళు చూసుకోవాలన్నాడు.

పోయేముందు రోజు దాన్ని మా ఇంటికి తెచ్చి ముందుగదిలో పరిచాడు. హమాలీ గుమ్మం వైపు పోతున్నాడు. నా మొహం చూసి బావ వంగి, జంపఖానా అంచు పట్టుకుని తిప్పి వేశాడు. చేత్తో నేసిన మా జంపఖానాకు వెనకా ముందూ ఉండదు, రెండు వైపులా ఒకే బొమ్మ. కాకపోతే కుడి ఎడమవుతుంది. ఈసారి హమాలీ గుమ్మంలోంచి ఇంట్లోకి నడుస్తున్నాడు.

"అట్ల పరిస్తె పోతాండు, ఇట్ల పరిస్తె వస్తాండు," అన్నాడు బావ. "నీకెట్ల మంచిగనిపిస్తె అట్ల పరుసుకో."

మరునాడు స్టేషనులో అక్క నన్ను రైలు పెట్టెలోకి ఎక్కనివ్వలేదు, ఎక్కితే దిగనని తెలుసు. కిటికీలోంచి నా చెయ్యి పట్టుకుని, బతుకమ్మకు వస్తానంది. రానివ్వాల్సింది భివండీ షెడ్డు మేస్త్రీ. బావ పై బల్ల మీద మూట సర్దుతూ, జపాను మళ్ళీ పోతే ఈసారి టూ-ఇన్-వన్ తెమ్మన్నాడు.

ఇప్పుడు మా ముందుగదిలో హమాలీ వస్తూ ఉన్నాడు. చుట్టాలొస్తే దాని మీదే కూర్చుంటారు, జపాను నుంచి ఏం తెచ్చావని అడుగుతారు, కింద చూడమంటే చూసి నవ్వుతారు. వాళ్ళు లేచిపోయాక మా ఆవిడ జంపఖానా దులిపి మళ్ళీ పరుస్తుంది. ఒక్కోసారి తిరగేసి పరుస్తుంది. ఆమె లోపలికి పోయేదాకా ఆగి, నేను లేచి సరిగ్గా వేసుకుంటాను.